నైరూప్య అభివ్యక్తివాదము

నైరూప్య అభివ్యక్తివాదము రెండవ ప్రపంచయుద్ధము తరువాత అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా న్యూయార్కు నగరంలో బలపడిన చిత్రకళా ఉద్యమము. ఆంగ్లంలో దీనిని అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అంటారు. మనిషి, చెట్టు, ఇల్లు వంటి పోల్చుకోదగిన రూపాలను విడిచిపెట్టి రంగును, గీతను, చిత్రకారుని చేతి కదలికను చిత్రానికి వస్తువుగా తీసుకోవడము దీని ప్రధాన లక్షణము. 1940ల మధ్య నుండి 1950ల చివరి వరకు దీని ప్రాభవము సాగినది. యుద్ధానంతర అమెరికా సమాజముపై కళాకారుల తిరుగుబాటుగా దీనిని చాలామంది వర్ణించారు. అయితే ఆ తిరుగుబాటునే అమెరికా ప్రభుత్వ వర్గాలు కొంతకాలానికి తమ ప్రచారానికి వాడుకున్నాయి కనుక, దీని స్వభావముపై చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది.

ఈ ఉద్యమానికి తెలుగు నేలతో ఒక సన్నిహితమైన లంకె ఉన్నది. జాక్సన్ పొలాక్ 1940లలో పలకలు చెక్కిన న్యూయార్కు ముద్రణశాల, చిత్తూరు సమీపంలోని నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925-2018) జీవితంలో పెద్ద భాగము గడిపిన పారిస్ ముద్రణశాల ఒకే సంస్థకు చెందిన రెండు శాఖలు. ఆ సంస్థ పేరు అటెలియే 17.

పేరు

"నైరూప్య అభివ్యక్తి" అన్న మాట అమెరికాలో పుట్టినది కాదు. 1919లోనే ఒక జర్మన్ పత్రిక దీనిని వాడినది. 1929లో ఆల్ఫ్రెడ్ బార్ రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ రచనల గురించి ఈ మాట వాడాడు. న్యూయార్కు చిత్రకారులకు దీనిని అన్వయించినవాడు రాబర్ట్ కోట్స్. 1946లో న్యూయార్కర్ పత్రికలో వ్రాసిన సమీక్షలో అతడు ఈ పేరు వాడగా అది స్థిరపడిపోయినది. 1952లో విమర్శకుడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్ ఆర్ట్ న్యూస్ పత్రికలో ఒక వ్యాసము వ్రాస్తూ "యాక్షన్ పెయింటింగ్" అనే మరొక పేరు ప్రవేశపెట్టాడు. కాన్వాసు బొమ్మ గీసే తలము మాత్రమే కాదనీ, చిత్రకారుడు ఏదో ఒక పని జరిపే రంగస్థలము వంటిదనీ అతని వాదన. ఈ పేర్లలో ఏదీ చిత్రకారులందరికీ నచ్చలేదు. తమను ఒక ముఠాగా చూడడమే వారిలో చాలామందికి ఇష్టము లేదు.

నేపథ్యము

1929 ఆర్థిక మాంద్యము అమెరికా చిత్రకారులను నిరుద్యోగులను చేసినది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వము కళాకారులకు కూడా పని కల్పించే ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టును ప్రారంభించినది. రాయలసీమ పాఠకునికి దీనిని అర్థము చేసుకొనడము కష్టము కాదు. కరువు వచ్చినప్పుడు చెరువు పూడిక తీయించి, రోడ్డు వేయించి కూలి ఇచ్చే "కరువు పనులు" ఈ ప్రాంతానికి తరతరాలుగా తెలిసినవే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించినది కూడా అనంతపురం జిల్లా బండ్లపల్లి గ్రామంలోనే. అమెరికా పథకంలోని విశేషమేమనగా, గోడచిత్రము వేయడాన్ని కూడా రోడ్డు వేయడము వలెనే కూలికి తగిన పనిగా లెక్కించారు. పొలాక్, రోత్కో, డి కూనింగ్, గోర్కీ, లీ క్రాస్నర్ మొదలైన వారంతా ఆ కూలి తిన్నవారే. పథకము 1943లో ముగిసినది. ఆ ఎనిమిదేళ్ళలో, బొమ్మ అమ్ముడుపోతుందా లేదా అన్న చింత లేకుండా ప్రయోగాలు చేసే అలవాటు వారికి కలిగినది.

వీరిలో పలువురు వలస వచ్చినవారు. మార్క్ రోత్కో 1903లో నేటి లాట్వియాలోని ద్విన్‌స్క్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టి పదేళ్ళ వయసులో అమెరికా చేరాడు. ఆర్షీల్ గోర్కీ ఆర్మీనియన్ల నరమేధము నుండి బయటపడినవాడు; అతని తల్లి ఆకలితో మరణించినది. విలెమ్ డి కూనింగ్ 1926లో నెదర్లాండ్సు నుండి ఓడలో దొంగచాటుగా వచ్చాడు. యుద్ధకాలంలో నాజీల నుండి తప్పించుకొని పారిస్ అధివాస్తవికవాదులు కూడా న్యూయార్కు చేరారు. మనసు అడ్డు పడకుండా చేతిని దాని దారిన పోనిచ్చే వారి పద్ధతిని స్థానిక యువకులు శ్రద్ధగా గమనించారు.

తిరుగుబాటు దేనిమీద

ఈ చిత్రకారులు ఏ జెండా పట్టుకొనలేదు. వారి తిరుగుబాటు నిరాకరణ రూపంలో సాగినది. 1930లలో అమెరికాలో ఆదరణ పొందిన చిత్రాలు రెండు రకాలు. పంటపొలాలు, రైతులు, చిన్న ఊళ్ళతో దేశాన్ని కీర్తించే ప్రాంతీయ చిత్రాలు మొదటివి. పొలాక్ గురువు థామస్ హార్ట్ బెంటన్ ఈ తరహాకు పెద్ద. కార్మికుల కష్టాలను చూపే సామాజిక వాస్తవికవాద చిత్రాలు రెండవవి. రెంటిలోనూ బొమ్మ ఒక కథ చెప్పాలి, ఒక సందేశము మోయాలి. జర్మనీలోనూ, సోవియట్ యూనియన్‌లోనూ ప్రభుత్వాలు సరిగ్గా ఇటువంటి సుబోధమైన బొమ్మలనే కోరడము, వాటితో ఏ పని చేయించారో అందరూ చూడడము జరిగినది.

హిరోషిమా, నాజీ మృత్యుశిబిరాల తరువాత పువ్వులు, పడుకొన్న స్త్రీలు, వాద్యము వాయించేవారి బొమ్మలు మునుపటిలా వేయడము సాధ్యపడలేదని బార్నెట్ న్యూమన్ (1905-1970) తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. యుద్ధానంతర అమెరికా మరొకవైపు సంపదతో పొంగుచుండెను. కొత్త ఇళ్ళు, కార్లు, టెలివిజన్లు, వాటి ప్రకటనలలో నవ్వే కుటుంబాలు ఎక్కడ చూచినా కనబడేవి. దానితో పాటు కమ్యూనిస్టులన్న అనుమానంతో ఉపాధ్యాయుల, రచయితల, నటుల ఉద్యోగాలు ఊడగొట్టే వాతావరణము కూడా నెలకొన్నది. అటువంటి సమాజానికి పనికివచ్చే బొమ్మను వేయము అనడమే వీరి ధిక్కారము. ఇదే కాలంలో జాజ్ సంగీతంలో బీబాప్, కవిత్వంలో బీట్ తరము తలెత్తడము యాదృచ్ఛికము కాదు.

పొలాక్ చిత్రణ పద్ధతి

జాక్సన్ పొలాక్ 1912 జనవరి 28న వయోమింగ్ రాష్ట్రంలోని కోడీలో జన్మించాడు. 1947 నుండి 1950 వరకు అతడు వేసిన చిత్రాలు ఈ ఉద్యమానికే గుర్తుగా నిలిచాయి. కాన్వాసును చట్రానికి బిగించక నేలమీద పరచి, ఇళ్ళకు వేసే ఎనామెల్ రంగును కర్రపుల్లలతోనూ, గట్టిపడిన కుంచెలతోనూ చిలకరిస్తూ, ధారగా పోస్తూ చుట్టూ తిరిగేవాడు. చిత్రానికి నడిమి భాగము, అంచు అన్న తేడా ఉండదు. పైన, క్రింద అన్న తేడా కూడా చాలాసేపటి వరకు ఉండదు. 1950లో వేసిన "ఆటమ్ రిథమ్" చిత్రము 17 అడుగులకు పైగా పొడవు గలది. ఇది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది.

ఇదంతా ఇష్టము వచ్చినట్లు రంగు చల్లడమేనని, పిల్లలు కూడా చేయగలరని అప్పటి నుండి ఇప్పటి వరకు వినిపించే ఆక్షేపణ. ఈ ఆక్షేపణకు మన వాకిళ్ళలోనే కొంత సమాధానము ఉన్నది. ముగ్గు వేసే స్త్రీ నేలను తాకదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ నుండి పిండి జారుతుంది. ధార సన్నమో లావో అన్నది పిడికిటి బిగువును, చేయి కదిలే వేగాన్ని, నేలకు చేతికి గల ఎత్తును బట్టి ఉంటుంది. ఒకసారి జారిన పిండిని వెనక్కు తీయలేము. పొలాక్ చేతిలోని రంగు కూడా ఈ సూత్రాలకే లోబడినది. దాని చిక్కదనాన్ని అతడు పనికి తగినట్లు మార్చుకొనేవాడు. ముగ్గుకు ముందే కుదిరిన చుక్కల లెక్క ఉంటుంది, పొలాక్ చిత్రానికి అది లేదు. ఆ తేడా చిన్నది కాదు. పొలాక్‌కు ముగ్గుల సంగతి తెలుసునని చెప్పడానికి ఆధారమేదీ లేదు గాని, అమెరికా పశ్చిమ ప్రాంతపు ఆదివాసులు నేలమీద ఇసుకతో వేసే చిత్రాలతో తన పద్ధతిని 1947లో అతడే పోల్చుకున్నాడు.

కథ లేని చిత్రము తెలుగువారికి కొత్త అనుకొనడము కూడా సరికాదు. లేపాక్షి వీరభద్రాలయము (పూర్వపు అనంతపురం జిల్లా, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) 16వ శతాబ్దపు కప్పు చిత్రాలలో పురాణగాథలు చూచి ముగించినవారు, ఆ చిత్రాలలోని స్త్రీపురుషుల చీరలపై, పైపంచెలపై ఉన్న నమూనాలను మరల చూడవలెను. అక్కడి లతామండపపు స్తంభాలపై చెక్కిన నమూనాలు నేత చీరల అంచులకు ఎక్కి "లేపాక్షి డిజైను" పేరుతో చలామణి అయినవి. వాటికి అర్థమేమిటని చీర కొనేవారెవరూ అడగరు. ధర్మవరం వద్ద నిమ్మలకుంటలో మేకతోలుపై రంగులద్ది తోలుబొమ్మలు చేసేవారు నేడు దీపపు గొడుగులు కూడా చేస్తున్నారు. వెలుగు వెనుక నుండి వచ్చినప్పుడు రంగు మారే తీరే అక్కడ ముఖ్యము. అలంకారంగా ఉన్న నైరూప్యానికి మనము అలవాటు పడినాము. అదే నైరూప్యము గోడ మీద తనంత తానుగా నిలబడి, నన్ను చూడు అన్నప్పుడు మాత్రము ఇబ్బంది పడుతున్నాము. న్యూయార్కు చిత్రకారుల ధైర్యము ఈ చివరి మెట్టులోనే ఉన్నది.

పొలాక్ 1956 ఆగస్టు 11న కారు ప్రమాదంలో మరణించాడు. అప్పుడు అతని వయసు 44 ఏళ్ళు. అతని భార్య లీ క్రాస్నర్ (1908-1984) కూడా ఈ ఉద్యమపు ముఖ్య చిత్రకారిణి. చాలాకాలము ఆమెను పొలాక్ భార్యగా మాత్రమే చూచారు.

రోత్కో, సీగ్రమ్ చిత్రాలు

ఉద్యమంలోని రెండవ ధోరణి వేగానికి విరుద్ధము. రోత్కో, న్యూమన్, క్లిఫర్డ్ స్టిల్ పెద్ద కాన్వాసులను విశాలమైన రంగు పరపులతో నింపారు. రోత్కో చిత్రంలో రెండు మూడు దీర్ఘచతురస్రాలు, అంచులు చెదిరి, ఒకదానిపై ఒకటి తేలుతున్నట్లు ఉంటాయి. పలుచని రంగును పొరలు పొరలుగా వేయడము వలన వెలుగు లోపలి నుండి వస్తున్నట్లు తోచును.

1958లో న్యూయార్కు సీగ్రమ్ భవనంలోని ఖరీదైన భోజనశాలకు చిత్రాలు వేయడానికి రోత్కో ఒప్పుకున్నాడు. నల్లని, ముదురు ఎరుపు రంగులలో వాటిని సిద్ధము చేశాడు. 1959లో అక్కడ ఒకసారి భోజనము చేసిన తరువాత, అటువంటి చోట తన బొమ్మలు ఉండరాదని నిశ్చయించి డబ్బు తిరిగి ఇచ్చివేశాడు. వాటిలో తొమ్మిది చిత్రాలను లండన్ టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. 1970 ఫిబ్రవరి 25న అవి లండన్ చేరాయి. అదే రోజు రోత్కో న్యూయార్కులో ఆత్మహత్య చేసుకున్నాడు.

1950 నాటి బహిరంగ లేఖ

తిరుగుబాటు అన్న మాటకు అక్షరాలా సరిపోయే సంఘటన ఒకటి ఉన్నది. మెట్రోపాలిటన్ మ్యూజియము సమకాలీన అమెరికా చిత్రాల పోటీ ప్రకటించగా, న్యాయనిర్ణేతలు ఆధునిక కళకు వ్యతిరేకులని 18 మంది చిత్రకారులు దానిని బహిష్కరిస్తూ మ్యూజియము అధ్యక్షునికి బహిరంగ లేఖ వ్రాశారు. 10 మంది శిల్పులు మద్దతు పలికారు. 1950 మే 22న న్యూయార్క్ టైమ్స్ దీనిని మొదటి పుటలో ప్రచురించినది. మరొక పత్రిక వారికి "ఇరాసిబుల్స్" అంటే ముక్కోపులు అని పేరు పెట్టినది. 1951 జనవరిలో లైఫ్ పత్రిక వారిలో 15 మంది ఫొటో వేసినది. అందులో ఉన్న ఏకైక స్త్రీ హెడ్డా స్టెర్న్. ఆఫ్రికన్ అమెరికన్ చిత్రకారుడు నార్మన్ లూయిస్ 1950 ఏప్రిల్‌లో ఇదే చిత్రకారుల చర్చాగోష్ఠిలో పాల్గొన్నప్పటికీ ఆ ఫొటోలో లేడు. నల్లకోట్లు తొడిగి బ్యాంకు అధికారుల వలె కూర్చున్న ఆ పదిహేను మందిని చూచినవారికి తిరుగుబాటుదారులన్న తలంపు వెంటనే కలుగదు.

ప్రభుత్వము వైఖరి

అమెరికా ప్రభుత్వము ఈ కళను మొదట ద్వేషించినది, తరువాత వాడుకొన్నది. ఈ రెండూ సుమారు పదేళ్ళ వ్యవధిలో జరిగాయి.

1946లో విదేశాంగ శాఖ ఆధునిక చిత్రాలను కొని "అడ్వాన్సింగ్ అమెరికన్ ఆర్ట్" పేరుతో విదేశాలలో ప్రదర్శనకు పంపినది. ప్రజల సొమ్ము వృథా అని, చిత్రకారులలో వామపక్షీయులు ఉన్నారని పత్రికలు, కాంగ్రెసు సభ్యులు గోల చేయగా 1947లో ప్రదర్శనను వెనుకకు పిలిచారు. 1948లో ఆ చిత్రాలను యుద్ధపు మిగులు సామాను క్రింద తక్కువ ధరకు అమ్మివేశారు. 1949 ఆగస్టులో మిచిగాన్ ప్రతినిధి జార్జ్ డాండెరో ఆధునిక కళ అంతా కమ్యూనిస్టుల కుట్ర అని కాంగ్రెసులో ప్రసంగించాడు. సోవియట్ యూనియన్ ఇదే కళను బూర్జువా పతనానికి చిహ్నమని ఖండించుచున్నదని అతడు గమనించినట్లు లేదు.

గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. అధికారులు ఈ వైరుధ్యాన్ని గుర్తించారు. సోవియట్ ప్రభుత్వము చిత్రకారునికి ఏమి వేయాలో ఆదేశిస్తుంది. అమెరికాలో చిత్రకారుడు ఇష్టము వచ్చినది వేయవచ్చును. ఆ స్వేచ్ఛకు పొలాక్ చిత్రమే సాక్ష్యము అన్నది వారి తర్కము. 1950లో బెర్లిన్‌లో ఏర్పడిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థకు సి.ఐ.ఎ. రహస్యంగా నిధులు ఇచ్చినది. ఆ సంస్థ శాఖ భారతదేశంలోనూ పనిచేసినది. బొంబాయి నుండి వెలువడిన క్వెస్ట్ పత్రిక దాని ఆశ్రయంలో నడిచినదే. నిధుల సంగతి 1966-67లలో బయటపడినది. న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియము 1958-59లో "న్యూ అమెరికన్ పెయింటింగ్" ప్రదర్శనను ఎనిమిది ఐరోపా దేశాలలో నడిపినది. 1967లో అదే మ్యూజియము పంపిన "టూ డెకేడ్స్ ఆఫ్ అమెరికన్ పెయింటింగ్" ప్రదర్శన ఢిల్లీలో లలితకళా అకాడమీకి వచ్చినది. దానితో పాటు ప్రసిద్ధ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ కూడా వచ్చాడు. భారతీయ చిత్రకారులలో ఎక్కువమందికి ఈ చిత్రాలను పుస్తకాలలో కాక ఎదుట చూచే అవకాశము అప్పుడే కలిగినది.

ఈవా కాక్‌క్రాఫ్ట్ (1974), సెర్జ్ గిల్‌బో (1983), ఫ్రాన్సిస్ స్టోనర్ సాండర్స్ (1999) రచనలు ఈ అధ్యాయాన్ని వెలుగులోకి తెచ్చాయి. వీటిని చదివి నైరూప్య చిత్రకళ అంతా గూఢచారుల సృష్టి అని చెప్పేవారు ఉన్నారు. కాలక్రమాన్ని చూచినచో ఈ మాట నిలువదు. పొలాక్, రోత్కో, న్యూమన్ తమ పద్ధతులకు చేరుకున్నది 1947-50 మధ్య, అనగా ప్రభుత్వము వారిని అనుమానించుచున్న కాలంలో. అయితే ఏ కథా చెప్పని చిత్రానికి ఎవరైనా తమ కథను తగిలించవచ్చునన్నది కూడా నిజమే. సందేశము మోయమని నిరాకరించిన చిత్రాలపై అతి పెద్ద సందేశాన్ని ఇతరులు మోపారు.

అటెలియే 17

న్యూయార్కు ఉద్యమ చరిత్రలో ఏకాంత వీరుని కథ ఎక్కువ. ఒక పాక, ఒక కాన్వాసు, ఒక మనిషి. ఈ కథలో సాధారణంగా చోటు దొరకనిది సామూహిక ముద్రణశాల అయిన అటెలియే 17.

దీనిని స్థాపించినవాడు ఆంగ్లేయుడైన స్టాన్లీ విలియం హేటర్ (1901-1988). రసాయన శాస్త్రము, భూగర్భ శాస్త్రము చదివి, ఇరాన్‌లో చమురు కంపెనీలో కొంతకాలము ఉద్యోగము చేసి, తరువాత పారిస్‌లో చిత్రకారుడైనాడు. 1927లో మొదలైన ఆయన ముద్రణశాలకు, 1933లో మారిన ఇంటి నంబరును బట్టి అటెలియే 17 అన్న పేరు వచ్చినది. యుద్ధము రాగా 1940లో దానిని న్యూయార్కుకు తరలించాడు. అక్కడ గురువు, శిష్యుడు అన్న భేదము పాటించేవారు కారు. అందరూ ఒకే బల్ల చుట్టూ పనిచేసేవారు. చెక్కుడు ఉలిని నిలకడగా పట్టుకొని రాగి పలకను దాని క్రింద తిప్పుతూ గీత గీయడము హేటర్ నేర్పిన మెళకువ. గీత ఎటు పోవునో చేతికి పూర్తిగా తెలియదు. పొలాక్ 1944-45లో అక్కడ పలకలు చెక్కాడు. అతని జీవితకాలంలో వాటి ప్రతులు సంపుటంగా వెలువడలేదు, మరణానంతరము 1967లో కొన్నింటిని ముద్రించారు. అందులో చిక్కుపడుతూ పరుగెత్తే గీతలు, మూడేళ్ళ తరువాత అతడు నేలమీద పోసిన రంగుధారలకు పూర్వరంగము వంటివి. హేటర్ 1950లో పారిస్ తిరిగి వెళ్ళాడు. న్యూయార్కు శాఖ 1955లో మూతపడినది.

కృష్ణారెడ్డి

కృష్ణారెడ్డి 1925 జులై 15న జన్మించాడు. 1940లలో శాంతినికేతనంలోని కళాభవన్‌లో నందలాల్ బోస్ వద్ద చదువుకున్నాడు. క్విట్ ఇండియా ఉద్యమము, 1943 బెంగాల్ కరువు ఆయన విద్యార్థి దశలోనివే. 1947 నుండి మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ బోధించి, 1949లో లండన్ స్లేడ్ పాఠశాలకు వెళ్ళి హెన్రీ మూర్ వద్ద శిల్పము అభ్యసించాడు. అక్కడి నుండి పారిస్‌లో జాడ్కిన్ వద్దకు, 1950ల ఆరంభంలో హేటర్ ముద్రణశాలకు చేరాడు. 1960ల మధ్య నుండి 1976 వరకు దానికి సహసంచాలకుడు. ప్రపంచపు నలుమూలల నుండి వచ్చిన చిత్రకారులు ఆయన వద్ద పని నేర్చుకున్నారు. అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మీ వారిలో ఒకరు. 1976 తరువాత న్యూయార్కులో స్థిరపడి న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ముద్రణ చిత్రకళను బోధించాడు. 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. 2018 ఆగస్టులో న్యూయార్కులో మరణించాడు.

ఆయన పేరు చిత్రకళా చరిత్రలో నిలిచినది ఒక సాంకేతిక విధానము వలన. అంతకు ముందు లోహపు పలకతో రంగుల ముద్రణ చేయడానికి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక కావలెను. పలకలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి కుదరాలి. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయికి చెందిన కైకో మోతీ కలసి 1950లలో ఒకే పలకపై అన్ని రంగులు పూసి ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని రూపొందించారు. దీనిని విస్కాసిటీ ముద్రణ అంటారు. విస్కాసిటీ అనగా చిక్కదనము.

పద్ధతి ఇది. పలకను ఆమ్లంతోనూ, ఉలితోనూ వివిధ లోతులలో చెక్కుతారు. దానిపై ఎత్తులు, పల్లాలు, నడిమి తలాలు ఏర్పడతాయి. అట్టడుగు గాళ్ళలో ఒక రంగు సిరా నింపి పైన తుడుస్తారు. తరువాత అవిసె నూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో పూస్తారు. గట్టి రోలరు ఎత్తైన భాగాలనే తాకుతుంది. పిమ్మట చిక్కని సిరాను మెత్తని రోలరుతో పూస్తారు. మెత్తని రోలరు వంగి పల్లాలలోకి దిగుతుంది. పలుచని సిరా ఉన్నచోట చిక్కని సిరా అంటుకొనదు, లేనిచోట అంటుకొంటుంది. కాబట్టి రంగులు కలిసి బురద కాకుండా ఎవరి చోటులో వారు నిలుస్తాయి. అప్పుడు తడి కాగితము పరచి అచ్చుయంత్రంలో ఒక్కసారి నడిపిన చాలును. కృష్ణారెడ్డి శిల్పి కావడము ఇక్కడ కలిసివచ్చినది. ఆయన పలకను బొమ్మ గీసే తలంగా కాక, చేతితో తడిమి చూడదగిన కొండలు, లోయలు గల నేలగా చెక్కాడు. ఈ విధానముపై ఆయన వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1988లో వెలువడినది.

"చేప" (1952), "అల" (1963), "సుడిగుండము" (1963) వంటి ఆయన ముద్రణలు పూర్తిగా నైరూప్యాలు కావు. వస్తువు ఉంటుంది, కాని కంటికి కనబడే ఆకారము కన్న దానిలోని చలనము ముందుకు వస్తుంది. ఈ కారణంగా ఆయనను నైరూప్య అభివ్యక్తివాదిగా లెక్కించడము సరికాదు. అదే మూలము నుండి వేరొక దిక్కుకు ప్రవహించిన పాయగా చూడడము ఉచితము.

ఆ తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది "ఆందోళనకారులు" (1968) అనే ముద్రణలో. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు, కార్మికులు వీధులలోకి వచ్చినప్పుడు కృష్ణారెడ్డి అక్కడ ఉన్నాడు. ఆ అనుభవము నుండి పుట్టిన ఈ చిత్రంలో మానవాకృతులు నిలువు గీతలుగా సాగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ముఖాలు లేవు, నినాదాలు లేవు, ఏ పక్షమో తెలిపే గుర్తు లేదు. అయినను అది జనసమూహమని చూచినవారికి తెలియును. సందేశము మోయని చిత్రమూ వీధిలోని తిరుగుబాటును చెప్పగలదా అన్న ప్రశ్నకు, ఈ ఉద్యమపు పరిసరాలలో పుట్టిన మంచి సమాధానాలలో ఇది ఒకటి.

ఇతర తెలుగు చిత్రకారులు

కృష్ణా జిల్లా గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసు కళాశాలలో కె.సి.ఎస్. పణిక్కర్ వద్ద చదివి, 1960లలో లండన్ స్లేడ్ పాఠశాలకు వెళ్ళి, తరువాత అమెరికా చేరి చికాగోలో స్థిరపడ్డాడు. తెలుగు చిత్రకారులలో నూనెరంగుల నైరూప్య చిత్రణను జీవితకాలపు పనిగా చేపట్టినవారిలో ప్రముఖుడు. 2001లో పద్మశ్రీ పొందాడు. కరీంనగర్ జిల్లా అన్నారం గ్రామానికి చెందిన పి.టి. రెడ్డి (1915-1996) బొంబాయి జె.జె. పాఠశాలలో చదివి, తరువాతి దశలో తాంత్రిక చిహ్నాలతో చిత్రాలు వేశాడు. ఆయన నైరూప్యానికి మూలము న్యూయార్కు కాదు, యంత్రాలు, మండలాలు. మద్రాసులో పణిక్కర్ కూడా 1963 నుండి వేసిన "పదాలు, చిహ్నాలు" చిత్రమాలలో చదువరాని లిపిని, జాతకచక్రాల వంటి గళ్ళను వాడి అమెరికా దారికి వేరైన మార్గము చూపాడు.

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము 2016-17లో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముద్రణలను కలిపి ఒక ప్రదర్శనగా ఏర్పాటు చేసినది. 1950లో పద్దెనిమిది మంది చిత్రకారులు బహిరంగ లేఖ వ్రాసినది ఈ మ్యూజియానికే.